పై వాటాలో దొంగ చలిమిడి

ఇంతకుముందు మేడ మీద అద్దెకున్న బ్యాంకు గుమాస్తాను కింద వాటాలో ఉండే ఇంటివాళ్ళు ఒక్క గుడ్డు పెంకు కోసం మూటాముల్లె సర్దించి పంపేశారట. ఆ పెంకు కూడా గుమాస్తాగారిది కాదట. కాకి ఎక్కణ్ణించో ముక్కున కరుచుకొచ్చి డాబా మీద పడేసిందట. "కాకికి మా డాబాయే దొరికిందా?" అని ఇంటాయన అడిగాడట. ఈ సంగతంతా ఎదురింటి కనకలక్ష్మి అందట. ఆవిడ ఇంట్లో అంట్లు తోమే అంజమ్మ, ఈ ఇంట్లో అంట్లు తోముతూ, ఇప్పుడు ఆ మేడ మీద అద్దెకున్న ఉమాశ్రీ చెవిన వేసింది.

"కనకలక్ష్మమ్మ ఊకె గట్లనే అంటది గనీ, జర పైలంగుండు అమ్మా. కింది సారు ముక్కు మస్తు తేజ్" అని తన వంతు కూడా కలిపింది.

ఆదివారం పొద్దున్నే వినదగ్గ మాట కాదది. ఎందుకంటే, ఆ సమయానికి ఉమాశ్రీ వంటింట్లో బియ్యం డబ్బా వెనకాల, మూడు పొరల పేపరులో చుట్టి, కిలో కోడిమాంసం ఉంది.

ఈ ఇల్లు వాళ్ళకు ఊరికే దొరకలేదు. మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో రవికిరణ్‌కు కంప్యూటరు ఉద్యోగం వచ్చినప్పుడు, మొగుడూ పెళ్ళాలిద్దరూ లింగంపల్లి చుట్టుపక్కల కాలనీలన్నీ మూడు నెలలు గాలించారు. గాలి ఉన్నచోట నీళ్ళు లేవు. నీళ్ళున్నచోట గేటుకు "శాకాహారులకు మాత్రమే" అని బోర్డు. చివరికి నరసింహమూర్తిగారి మేడ చూశారు. గాలి, నీళ్ళు, వీధి మలుపులో ఆఫీసు బస్సు, అన్నీ కుదిరాయి. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయిన ఆ పెద్దాయన కళ్ళజోడు మీదుగా చూసి "మీరు తింటారా?" అని ఒక్క మాటే అడిగాడు. "ఛ ఛ, మాకు వాసన కూడా పడదండి" అనేశాడు రవికిరణ్. భీమవరంలో పుట్టి, నీసు వాసన పడదని చెప్పిన మగాడు బహుశా అతనొక్కడే.

ఆ రోజు నుంచి ఏడాదిగా కోడి ఆ ఇంట్లోకి ఆఫీసు బ్యాగులోనే వస్తోంది. "పాపం, ఆదివారం కూడా ఆఫీసేనా బాబూ?" అని నరసింహమూర్తిగారు గేటు దగ్గర జాలి పడితే, "ఏం చేస్తామండి, పని అలాంటిది" అని బ్యాగు సంకలో ఇంకా గట్టిగా నొక్కుకుని మెట్లెక్కేవాడు. వెనకాల నిలబడి విన్న ఉమాశ్రీకి ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. కూర ఉడికాక ఆ వేడి తగ్గేది.

అబద్ధం రుచి మరిగిన నాలుక ఒకచోట ఆగదు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తిక్కతిక్కగా లెక్కలు వేస్తాయని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులవి. వాటిని సరిచేయించుకోవడానికి సింగపూర్ కంపెనీ లిన్ అనే చైనా ఆవిణ్ణి రవికిరణ్ ఆఫీసుకు పంపింది. వచ్చిన నెలరోజులకే ఆవిడకు ఇడ్లీ సాంబారంటే వైరాగ్యం పుట్టింది. "మా ఇంట్లో ఆదివారాలు డంప్లింగులు చేసుకునేవాళ్ళం" అని ఒక సాయంత్రం ఇంగ్లీషులో నిట్టూర్చింది. రవికిరణ్ వేసవిలో పదిహేను రోజులు సింగపూర్ వెళ్ళినప్పుడు ఆవిడ ఇంట్లోనే వాటిని తిన్నాడు. తిన్నవాడు ఊరుకోవచ్చు కదా! "మా ఆవిడ బ్రహ్మాండంగా చేస్తుంది" అన్నాడు. "అయితే ఈ ఆదివారం మధ్యాహ్నం వస్తాను" అంది ఆవిడ.

"కజ్జికాయలే కదే!" అని ఇంటికొచ్చి తేల్చేశాడు. "కొబ్బరికి బదులు లోపల కోడి పెడతాం. నూనెలో వేయించకుండా ఇడ్లీపాత్రలో ఆవిరికి ఉడికిస్తాం. అంతే."

"అంత తేలికైతే మీరే చెయ్యండి" అంది ఉమాశ్రీ.

"నేను ఆవిణ్ణి తీసుకురావాలి కదా" అన్నాడు రవికిరణ్.

ఉమాశ్రీ తల్లి రత్నమ్మ, కళ్ళ పరీక్ష చేయించుకుందామని శుక్రవారమే భీమవరం నుంచి దిగింది. ఆవిడ ఉండబట్టి సరిపోయింది. కొట్టువాడు కోడిని కైమా కొట్టివ్వాలి గాని, కరెంటు లేక మిషను తిరగడం లేదని ముక్కలే చుట్టి ఇచ్చాడు. ఇంట్లో కత్తి వంకాయకే మొరాయించే రకం.

"రోట్లో వేసి దంచుదాం. మనూళ్ళో మిషన్లున్నాయా ఏంటి?" అంది రత్నమ్మ, అంజమ్మ అలా గేటు దాటగానే.

కిటికీలన్నీ మూశారు. తలుపు గడియ పెట్టారు. రోటి కింద పాత దుప్పటి మడిచి వేశారు. రత్నమ్మ అల్లం, ఉల్లికాడలు, కోడిముక్కలు కలిపి దంచుతుంటే, ఉమాశ్రీ పక్కన కూర్చుని మైదా పిండి మోచేతుల దాకా పూసుకుని పిసుకుతోంది. దుప్పటి కొంత చప్పుడు మింగింది. మిగిలింది నరసింహమూర్తిగారి భార్య బాలాత్రిపురసుందరిగారి నెత్తి మీద, సరిగ్గా ఆవిడ విష్ణుసహస్రనామం చదువుకునే చోట, ధన్ ధన్ మని పడింది.

ఆవిడ పుస్తకం మూసి ఆలోచించింది. అమ్మాయి తల్లి శుక్రవారం సంచితో దిగింది. ఆదివారం పొద్దున్నే కిటికీలు మూశారు. లోపల తల్లీకూతుళ్ళిద్దరే ఉండి, గుట్టుగా ఏదో దంచుతున్నారు. కోస్తా జిల్లాల ఆడవాళ్ళకు ఇందులో విప్పుకోవలసిన ముడి ఏమీ లేదు. కూతురికి మూడో నెల రాగానే కన్నతల్లి తడిబియ్యం దంచి, బెల్లం పాకం పట్టి, చలిమిడి చేసి, నలుగురి కంటా పడకుండా తినిపిస్తుంది. దొంగ చలిమిడి అంటారు. దాని నియమం ఒక్కటే. ఎవరడిగినా ఏమీ లేదనాలి. లేదన్నకొద్దీ ఉన్నట్టు లెక్క.

బాలాత్రిపురసుందరిగారు కీళ్ళనొప్పులు మరిచిపోయి పద్దెనిమిది మెట్లూ ఎక్కి తలుపు తట్టింది.

ఉమాశ్రీ తలుపు జానెడు తీసింది. చేతులు తెల్లగా ఉన్నాయి. మొహం చెమటతో తడిసిపోయింది. పచ్చిమాంసం వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం దంచుతున్నారమ్మా?"

"అబ్బే, ఏమీ లేదండి పిన్నిగారూ."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదండి."

బాలాత్రిపురసుందరిగారి మొహం మతాబాలా వెలిగింది. గొంతు తగ్గించి, "మూడో నెలా తల్లీ?" అని అడిగింది.

కాదని చెప్పడానికి ఉమాశ్రీ నోరు తెరిచింది. కాదంటే, మరి రోట్లో ఉన్నదేమిటన్న ప్రశ్న వస్తుంది. దాని వెనకే గుడ్డు పెంకు, బ్యాంకు గుమాస్తా, మూటాముల్లె. మూడు నెలలు తిరిగిన గేట్లన్నీ కళ్ళముందు తిరిగాయి. తెరిచిన నోరు మూసుకుని, తల దించుకుంది.

మన వైపు ఆడపిల్ల తల దించుకుంటే స్టాంపు కాగితం మీద సంతకం చేసినట్టే.

"నా తల్లే!" అని పెద్దావిడ ఆమె బుగ్గలు పుణికింది. "ఎవరికీ చెప్పను. ఒట్టు."

తలుపు మూసి ఉమాశ్రీ వెనక్కి తిరిగింది. లోపల రత్నమ్మ రోకలి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నేనేమీ అనలేదమ్మా. తల వంచానంతే."

"అదే చూశాను" అంది రత్నమ్మ. "ఆ మాట ఎప్పుడు వింటానా అని నాలుగేళ్ళుగా కాచుక్కూచున్నానే. చివరికి కోడిని దంచుతూ వినాల్సొచ్చింది." మళ్ళీ రోకలెత్తింది గాని, ఈసారి దెబ్బల్లో మునుపటి జోరు లేదు.

ఎవరికీ చెప్పనన్న మాటను బాలాత్రిపురసుందరిగారు నిలబెట్టుకుంది. కనకలక్ష్మికి ఒక్కతెకే చెప్పింది. కాలనీలో కనకలక్ష్మికి తెలిశాక తెలియవలసినవాళ్ళు ఇంకెవరూ మిగలరు. పది గంటలకు కింద నుంచి కుంకుమపువ్వు వేసిన పాలు వచ్చాయి. పదిన్నరకు పక్క సందులోంచి చింతకాయలు వచ్చాయి. ఉమాశ్రీ ఆరిన బట్టలు తీద్దామని డాబా ఎక్కబోతే, ఎదురింటి కిటికీలోంచి "చేతులు పైకెత్తకమ్మా!" అని అరుపు వినిపించింది. తీగ మీద బట్టల్ని తీగ మీదే వదిలేసి, దొంగలా ఇంట్లోకి వచ్చింది.

నీళ్ళు పట్టడానికి తిరిగొచ్చిన అంజమ్మ బిందె దించి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏందమ్మా, మూడు నెలలంట? పోయిన బేస్తారమే గదా నువ్వు తలకు పోసుకున్నది?"

ఏ ఇంట్లో ఏ నెల ఎలా గడిచిందో అంజమ్మకు తెలియకుండా ఉండదు. ఉమాశ్రీ చేతులు జోడించింది. "నీకు దణ్ణం పెడతాను అంజమ్మా, ఊరుకో."

"నేనేమంటి? నాకేం ఫికర్? గనీ..." అంజమ్మ బిందె భుజానికెత్తుకుంది. "కింది అమ్మ పొద్దుగాల సంది బియ్యం నానబోసుకొని కూసుంది. ఎవ్వర్నీ రోకలి ముట్టనిస్తలేదు. ఆమె ముఖం చూస్తే నాకే ఎట్లనో అయితుంది."

ఉమాశ్రీ ఇడ్లీపాత్రలో క్యాబేజీ ఆకులు పరిచి, కజ్జికాయల చెక్కతో ఒత్తిన డంప్లింగులను వరసగా పేరుస్తోంది. చూడ్డానికి అచ్చం కజ్జికాయల్లాగే ఉన్నాయి. కాకపోతే ఒంట్లో నెత్తురు లేని కజ్జికాయల్లా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమె మొహమూ ఇంచుమించు ఆ రంగులోనే ఉంది. కింద నుంచి రోకటి చప్పుడు వినిపిస్తోంది. ఆ దెబ్బ పడినప్పుడల్లా ఆమె భుజాలు ఒకసారి ముడుచుకుంటున్నాయి.

పన్నెండు గంటలకు రవికిరణ్ ఆటోలో లిన్‌ను దింపాడు. గేటు దగ్గర నరసింహమూర్తిగారు ఎదురొచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఎంత గుట్టుగా నడిపారయ్యా వ్యవహారం!"

కోడి సంగతి బయటపడిందనుకున్నాడు రవికిరణ్. "మీకెలా తెలిసిందండి?"

"మీ పిన్నిగారు రోటి చప్పుడు వినే పట్టేసింది."

"క్షమించండి బాబాయిగారూ. నిజంగా ఇదే మొదటిసారండి."

"మొదటిది కాబట్టే కదయ్యా సంతోషం!" అని పెద్దాయన వీపు చరిచాడు. "దీనికి క్షమాపణలెందుకు? నేను కోప్పడతానా?"

ఈయనేమైనా రాత్రికి రాత్రి మతం మార్చుకున్నాడా అనుకుంటూ రవికిరణ్ మెట్లెక్కాడు. పైన ముందుగది నిండా ఆడవాళ్ళు. మధ్యలో పీట మీద, మెడ వంచుకుని పెళ్ళాం. సంగతి అత్తగారు మూలకు లాగి చెవిలో చెప్పింది. చెప్పాక అతను కూడా మెడ వంచాడు. ఇంటిల్లిపాదీ నేల చూపులు చూస్తున్నారు. అది సిగ్గేననుకుని పేరంటాళ్ళు ముచ్చటపడ్డారు. నిజంగా అది సిగ్గే. వాళ్ళనుకున్న సిగ్గు మాత్రం కాదు.

లిన్ చెప్పులు విప్పి వచ్చీ రాగానే ఎవరో బొట్టు పెట్టారు. ఎవరో పాదాలకు పసుపు రాశారు. చేతిలో రవికెల గుడ్డ, రెండు అరటిపళ్ళు పెట్టి కూర్చోబెట్టారు. భోజనానికి ముందు ఇక్కడ ఇలా చేస్తారు కాబోలనుకుని ఆవిడ అందరికీ నవ్వుతూ తల ఊపింది.

అప్పుడు బాలాత్రిపురసుందరిగారు వెండిగిన్నెతో లోపలికి వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. దంచి దంచి అరచేతులు ఎర్రగా కందిపోయాయి. గిన్నెలో చలిమిడి ఇంకా వేడిగా ఉంది.

"మీ అమ్మ చేసింది మీ ఇంటిదమ్మా. ఇది నాది" అంటూ ఎదురుగా చాప మీద కూర్చుంది. "మాకు పిల్లలు లేరు కదా. ఎవరికీ పెట్టే వంతు రాలేదు. పాకం కుదరలేదని తిట్టుకోకు. మొదటిసారి."

ఉమాశ్రీ నోరు తెరిచింది. ముద్ద లోపలికి వెళ్ళింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడవకూడదమ్మా, ఈ సమయంలో నవ్వాలి" అని పెద్దావిడ తన కొంగుతోనే తుడిచింది. ఆ కొంగులో పచ్చకర్పూరం వాసన. ఇప్పుడే చెప్పేయాలి అనుకుంది ఉమాశ్రీ. ముద్ద మింగి చెబుదామనుకుంది. మింగి తలెత్తేసరికి వంటింటి గుమ్మం దగ్గర ఇంతసేపూ నిలబడ్డ కనకలక్ష్మి కనబడలేదు.

"కనకలక్ష్మిగారేరీ?"

"కజ్జికాయలు పట్టుకుని కిందికెళ్ళింది" అంది ఎవరో.

వారం రోజులుగా జలుబుతో ముక్కు మూసుకుపోయిన కనకలక్ష్మి, మంచినీళ్ళ కోసమని వంటింట్లోకి వెళ్ళి ఇడ్లీపాత్ర మూతెత్తింది. ఆవిరి కజ్జికాయలు! అలాంటివి ఆవిడ జన్మలో చూడలేదు. నరసింహమూర్తిగారికి తీపి అంటే ప్రాణమని కాలనీ అంతటికీ తెలుసు. శుభం జరిగిన ఇంట్లో మొదట తీపి ముట్టవలసింది పెద్దాయనే కదా అని, ఆరు డంప్లింగులు ప్లేటులో పెట్టుకుని బయల్దేరింది.

ఉమాశ్రీ పీట మీంచి లేచింది. గిన్నె, పసుపు, పేరంటాళ్ళు, ఏదీ ఆమెకు కనబడలేదు. చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని పరుగు తీసింది.

"అయ్యో, పరిగెత్తకే!"

"పట్టుకోండమ్మా ఎవరన్నా!"

"మెట్లు! మెట్లు!"

పదిమంది ఆడవాళ్ళు వెంటపడ్డారు. ఉమాశ్రీ రెండేసి మెట్లు దూకింది. ప్రతి దూకుడుకీ వెనకనించి ఒక్కసారిగా "హమ్మో" అని వినిపించింది. కింద వాకిట్లో నరసింహమూర్తిగారు పడక్కుర్చీలో కూర్చుని ఒక డంప్లింగును రెండు వేళ్ళతో పైకెత్తాడు. ముక్కు దగ్గర ఆపాడు. "ఏదో కొత్త వాసనగా ఉందే" అన్నాడు. సరేలే శుభమా అని నోరు తెరిచాడు.

ఉమాశ్రీ చివరి నాలుగు మెట్లు ఒక్క ఊపున దూకి, ఆయన చేతి మీద ఫెడీమని కొట్టింది. ప్లేటు ఎగిరి గచ్చు మీద పడి గిరగిరా తిరిగింది. డంప్లింగులు తలో దిక్కుకూ దొర్లాయి.

"తినకండి బాబాయిగారూ! అందులో కోడి ఉంది!"

ప్లేటు తిరగడం ఆగింది. మెట్ల మీద ఒకరి వెనక ఒకరుగా ఆడవాళ్ళంతా ఆగిపోయారు. అందరికన్నా పైన, నుదుట బొట్టుతో లిన్ నిలబడి, "ప్లేటు నేలకేసి కొడితే శుభమా?" అని రవికిరణ్‌ను ఇంగ్లీషులో అడిగింది. అతను ఆమెను దాటుకుని కిందికి వచ్చాడు.

నరసింహమూర్తిగారు తన రెండు వేళ్ళకేసి చూసుకుంటున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

బాలాత్రిపురసుందరిగారు గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వచ్చింది. వెండిగిన్నె ఇంకా చేతిలోనే ఉంది. ఆవిణ్ణి చూడగానే ఉమాశ్రీకి మిగిలిన ధైర్యం కూడా పోయింది. పోవడమే మంచిదయింది. మాటలు వాటంతటవే వచ్చేశాయి.

"పొద్దున దంచింది చలిమిడి కాదండి పిన్నిగారూ. కోడి. మేం తింటామండి. దిగిన రోజునుంచీ తింటున్నాం. ఇల్లు పోతుందని భయపడి చెప్పలేదు."

"మరి కడుపో?" అంది కనకలక్ష్మి, ముక్కు తుడుచుకుంటూ.

"అదీ లేదండి" అంది ఉమాశ్రీ.

రత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రవికిరణ్ రెండు చేతులూ కట్టుకుని, "తప్పు నాదండి. వారంలో ఖాళీ చేసేస్తాం" అన్నాడు.

బాలాత్రిపురసుందరిగారు మొదట మొగుడి వైపు తిరిగింది. "మీరు లోపలికెళ్ళి చేతులు కడుక్కోండి" అంది. ఆయన వెళ్ళాడు. లోపల పంపు చప్పుడు వినిపించేదాకా ఆగింది. తర్వాత ఉమాశ్రీ మొహంలోకి చూడకుండా, గిన్నె మీద మూత సరిగ్గా పెట్టుకుంటూ అంది.

"కోడి సంగతి నాకు ఏడాది నుంచీ తెలుసు. ఆదివారం ఆదివారం ఈయన ముక్కుకు అందకుండా కింద సాంబ్రాణి వేసేది నేనే. మిమ్మల్ని ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు. కడుపు సంగతి ఒక్కటే నేను నమ్మింది."